అల్బేనియన్ మాటలకు వయసు కట్టడం ఎలా?

గ్రీకు దేవత ఎథీనా పేరు అల్బేనియన్ భాషలోంచే పుట్టిందని చెప్పే వీడియోలు, పోస్టులు ఇంటర్నెట్‌లో తరచూ కనిపిస్తాయి. ఆ భాషలో 'ఎ థన' అంటే 'అన్న మాట', 'పలుకు'. ఎథీనా జ్ఞానదేవత కాబట్టి ఈ అర్థం అతికినట్టు సరిపోయిందని ఆ వాదన. 'జ' అంటే గొంతు కాబట్టి ఉరుముల దేవుడు జ్యూస్ పేరూ అక్కడిదేనంటారు. ఈ రెండు పోలికలు చూపించి, అల్బేనియన్ గ్రీకు కన్నా పాతదని తేల్చేస్తారు. ఆ భాష గురించి బయటివారికి తెలిసింది తక్కువ. అందుకే వాదన విన్నవారికి ఔననాలో కాదనాలో తోచదు.

తేల్చుకునే దారి ఉంది. రెండు మాటలు ఒకేలా వినిపించడాన్ని చారిత్రక భాషాశాస్త్రం ఆధారంగా తీసుకోదు. ఏ ధ్వని ఎప్పుడు, ఏ పరిస్థితిలో, దేనిగా మారిందో చూస్తుంది. అల్బేనియన్‌లో ఈ మార్పులు ఒకదాని మీద ఒకటి పొరలుగా పేరుకున్నాయి. ఏ మాట ఏ పొరలో ఉందో తెలిస్తే అది ఆ భాషలోకి ఎప్పుడు వచ్చిందో సుమారుగా చెప్పవచ్చు.

క్లుప్తంగా

అల్బేనియన్ ఇండో యూరోపియన్ కుటుంబంలో విడిగా నిలిచిన ఒక శాఖ. అందులో సొంత మాటల కన్నా లాటిన్, గ్రీకు, స్లావిక్, టర్కిష్ నుంచి వచ్చినవే ఎక్కువ. ఒక్కో ధ్వని మార్పు కొంతకాలం పనిచేసి ఆగిపోయింది. అందుకే వారసత్వంగా వచ్చిన మాటకూ, తర్వాత చేరిన మాటకూ రూపంలోనే తేడా కనిపిస్తుంది. ఆ తేడాల దగ్గర పెట్టి చూస్తే ఎథీనా, జ్యూస్ వాదనలు నిలవవు. రోమన్లకు ముందు నేటి అల్బేనియా తీరంలో ఉన్న ప్రాచీన ఇలీరియన్ల వారసులే అల్బేనియన్లా అన్నది మాత్రం ఇంకా తెగని ప్రశ్నే.

ఆలస్యంగా రాతకెక్కిన భాష

ఈ భాష మాట్లాడేవారు 60 నుంచి 75 లక్షల మంది ఉంటారని అంచనా. అల్బేనియా, కొసావోలతో పాటు ఉత్తర మాసిడోనియా, మాంటెనెగ్రో, గ్రీస్, దక్షిణ ఇటలీలలో ఉన్నారు. ఇది ఇండో యూరోపియన్ భాషేనని 1854లో జర్మన్ పండితుడు ఫ్రాంజ్ బాప్ నిరూపించాడు. గ్రీకు, ఆర్మేనియన్ లాగే ఇదీ ఒంటరి శాఖ. పక్కన పెట్టి పోల్చుకోవడానికి బతికి ఉన్న అక్కచెల్లెలు భాష లేదు.

రాత విషయంలో పరిస్థితి ఇంకా కష్టం. గ్రీకు మూడు వేల ఏళ్లకు పైగా రాతలో ఉంది. అల్బేనియన్‌లో దొరికిన తొలి వాక్యం 1462 నవంబర్ 8 నాటిది. తొలి పుస్తకం 1555లో గ్యోన్ బుజుకు అనే మతగురువు తెచ్చిన ప్రార్థనల పుస్తకం. ఇప్పుడు వాడే 36 అక్షరాల లిపి 1908లో మొనాస్తిర్ పట్టణంలో జరిగిన సభలో ఖాయమైంది. అంతకు ముందరి చరిత్రకు శాసనాలు, గ్రంథాలు లేవు. భాష తన ఒంట్లో దాచుకున్న గుర్తులే ఆధారం.

ఆ గుర్తులూ తక్కువే. 1891లో గుస్తావ్ మేయర్ తెచ్చిన వ్యుత్పత్తి నిఘంటువులో సుమారు 5,000 పదాలుంటే, ఇండో యూరోపియన్ భాషలన్నిటికీ తల్లి అయిన మూల భాష నుంచి నేరుగా దిగి వచ్చినవని అతను ఒప్పుకున్నవి 400 మాత్రమే. నార్బర్ట్ యోక్ల్, ఎక్రెమ్ చాబెయ్ వంటి తర్వాతి పండితులు ఆ సంఖ్యను పెంచారు. అయినా అరువు మాటలదే పైచేయి. పరిశోధన మొత్తం ఆ కొన్ని వందల మాటల మీద నిలబడింది కాబట్టి ఒక్కో మాటకూ ఇంత పట్టింపు.

(ఈ వ్యాసంలో అల్బేనియన్ మాటలను తెలుగు లిపిలో దగ్గరి ఉచ్చారణతో రాయడం జరిగింది. వాటిలో 'థ', 'ధ' అన్నవి నాలుక కొస పళ్ల మధ్యకు వచ్చి పలికే ధ్వనులు, ఇంగ్లీషు థింక్, దిస్ మాటల్లో వినిపించేవి. నక్షత్రం గుర్తు ఉన్నవి ఎక్కడా రాతలో దొరకనివి, పోలికల ద్వారా ఊహించిన మూల రూపాలు.)

ఆరుకు ఒక దారి, ఏడుకు ఒక దారి

తెలుగు ద్రావిడ భాష. అల్బేనియన్‌తో దానికి రక్తసంబంధం లేదు. కానీ తెలుగులో స్థిరపడిన సంస్కృత పదాలు ఇక్కడ గొప్ప సాయం చేస్తాయి, ఎందుకంటే సంస్కృతం ఆ కుటుంబంలోదే.

పాము పేరు చూడండి. సంస్కృతంలో సర్పం, లాటిన్‌లో సెర్పెన్స్, అల్బేనియన్‌లో గ్యార్పర్. నిద్రకు సంస్కృతంలో స్వప్నం, గ్రీకులో హిప్నోస్, అల్బేనియన్‌లో గ్యుమ్. ఆరుకు షట్, గ్యాష్త. మొదట్లో ఉన్న 'స' వరసగా 'గ్య' అయిపోయింది. చెవికి ఏ పోలికా తగలని గ్యుమ్, స్వప్నం తోబుట్టువులని తెలిసేది ఈ క్రమం వల్లనే. *సుప్నో అనే మూల రూపంలో 'స' గ్య అయింది, 'ప్న' కలిసిపోయి 'మ' అయింది. లాటిన్ సోమ్నుస్‌లోనూ ఆ 'ప్న' కాస్తా 'మ్న' అయింది.

ఇక ఏడు దగ్గర చిక్కు వస్తుంది. సంస్కృతంలో సప్త, లాటిన్‌లో సెప్తెమ్, అల్బేనియన్‌లో ష్తాత. ఇక్కడా మొదట 'స' ఉంది, కానీ 'గ్య' కాలేదు, 'ష' అయింది. పక్కపక్కన ఉండే రెండు అంకెలు, ఒకే ధ్వని, రెండు ఫలితాలు. నియమం తప్పిందా? తప్పలేదు. ఊనిక, అంటే మాటలో ఒత్తి పలికే బరువు, ఎక్కడ పడిందన్నదే తేడా. ఆరులో 'స' పక్కనున్న అచ్చు మీదే ఊనిక. ఏడులో ఊనిక తర్వాతి అక్షరం మీదికి జరిగింది, ముందరి అచ్చు బలహీనపడి రాలిపోయింది. ఊనిక ఉన్న అచ్చు ముందు 'స' గ్య అయింది, ఊనిక లేని చోట 'ష'తో ఆగింది. మినహాయింపులా కనిపించినది నిజానికి షరతు. ధ్వని మార్పులు మాట చూసి మారవు, పరిసరం చూసి మారతాయి. ఈ శాస్త్రం మొత్తానికి ఆధారం ఇదే.

ఇలాంటి షరతు తెలుగులోనూ ఉంది. కన్నడ కెరె తెలుగులో చెరువు, కన్నడ కివి తెలుగులో చెవి. 'ఇ', 'ఎ' ముందు మాత్రమే 'క' చ అయింది. కన్నడ కాలు తెలుగులోనూ కాలే. అల్బేనియన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. మూల భాషలో పెదవులు గుండ్రం చేసి పలికే 'క్వ' ఒకటి ఉండేది. 'ఇ', 'ఎ' ముందు అది 'స' అయింది. అందుకే సంస్కృత పంచ, గ్రీకు పెంతె అన్న చోట అల్బేనియన్ ఐదును పెస అంటుంది.

అచ్చులూ తలకిందులయ్యాయి. దీర్ఘ 'ఆ' ఒకారం అయింది, దీర్ఘ 'ఊ' చివరకు ఇకారంలో తేలింది. మూషికం అక్కడ మి. మాతృ శబ్దం మోతర్ అయింది, కానీ అర్థం అమ్మ కాదు, అక్కచెల్లెలు. అర్థం ఎందుకు జరిగిందన్నదానికి ఒకే జవాబు లేదు. ఇంట్లో పెద్దక్క తల్లి స్థానంలో నిలిచే ఉమ్మడి కుటుంబం దీనికి కారణమని కొందరి ఊహ. అమ్మకు మాత్రం పసిపిల్లల నోటి మాట నన స్థిరపడింది. ధ్వని సరిగ్గా కుదిరి, అర్థం పక్కకు జరిగిన ఇలాంటి మాట నమ్మదగింది. అర్థం కుదిరి ధ్వని కుదరని మాటను అనుమానించాలి. ఎథీనా వాదన రెండో రకం.

గొర్రెల దొడ్డిలో దొరికిన సాక్ష్యం

మూల భాషలో తాలవ్యమైన, అంటే నాలుక అంగిలి వైపు లేచి పలికే, 'క', 'గ' ధ్వనులు ఉండేవి. సంస్కృతంలో అవి శ, జ, హ అయ్యాయి. అల్బేనియన్‌లో థ, ధ అయ్యాయి, కొన్ని మాటల మొదట్లో ద. జామాత అక్కడ ధందర్, అర్థం కూడా అల్లుడే. కోర, పన్ను అనే అర్థంలో సంస్కృతం జంభం అంటే వీరిది ధంబ్. హిమం, హేమంతం మాటల మూలమే చలికాలానికి దిమర్ అయింది. 'అంటాను' అనే క్రియ థొమ్. ప్రశంస అనే మాటలో ఉన్న శంస్ ధాతువూ ఇదీ ఒకే మూలానివి. ఎథీనా వాదనలోని 'థన' ఈ థొమ్ రూపమే కాబట్టి దీని చరిత్ర ముఖ్యం.

'క' ఒక్కసారిగా 'థ' కాలేదు. నడుమ 'త్స' అనే మెట్టు ఉంది. దీనికి రుజువు అల్బేనియన్‌లో కాదు, రొమేనియన్‌లో దొరుకుతుంది. రొమేనియన్ లాటిన్ సంతతి. అయినా ఈ రెండు భాషలకూ లాటిన్‌తో సంబంధం లేని ఉమ్మడి మాటలు కొన్ని ఉన్నాయి, వాటిలో చాలావరకు కాపరుల మాటలు, చెట్లూ జంతువుల పేర్లు. గొర్రెల దొడ్డిని అల్బేనియన్లు థార్క్ అంటారు, రొమేనియన్లు త్సార్క్ అంటారు. అల్బేనియన్‌లో బార్ధ అంటే తెలుపు. రొమేనియన్‌లో బర్జ అంటే తెల్లటి పక్షి కొంగ. బఠాణీ ఇటు మోధుల, అటు మజరె.

వరస స్పష్టంగా ఉంది. అల్బేనియన్ 'థ'కు రొమేనియన్‌లో 'త్స', 'ధ'కు పాత 'ద్జ' నుంచి వచ్చిన ఊష్మ ధ్వని, అంటే గాలి రాసుకుంటూ వచ్చే 'జ'. ఈ మాటలు రెండు సమాజాల మధ్య నడిచిన రోజుల్లో అల్బేనియన్ పూర్వీకుల నోట ఇంకా 'త్స', 'ద్జ' పలికేవన్నమాట. అది రోమన్ల కాలమూ ఆ తర్వాతి శతాబ్దాలూ. నేటి 'థ' అంతకన్నా చిన్నది.

లాటిన్ మాటలు ఎందుకు వేరుగా కనిపిస్తాయి

రోమ్ ఈ ప్రాంతాన్ని గెలిచాక లాటిన్ మాటలు వెల్లువలా వచ్చాయి. ఇంపెరాతోర్ అరిగి మ్బ్రెత్ అయింది, ఇప్పుడు రాజు అని అర్థం. అమీకుస్ మిక్ అయింది, అంటే స్నేహితుడు. వైద్యుడు మెదికుస్ మ్యెక్ అయ్యాడు. కుటుంబం అనే అర్థమున్న ఫమీలియా ఫమీయ అయి, అర్థం మారి పిల్లలను సూచిస్తోంది. తెలుగులో ఒకప్పుడు సంస్కృత, ప్రాకృత మాటలు తద్భవాలైనట్టే ఇవీ గుర్తుపట్టలేనంతగా సొంతమయ్యాయి.

లాటిన్ మాటల్లో 'స' ఏమైందన్నది కీలకం. ఆరోగ్యం అనే సానితాతెమ్ షందెత్ అయింది. చేప పిస్కిస్ పెష్క్ అయింది. ఎక్కడా 'గ్య' కాలేదు. అంటే లాటిన్ వచ్చేనాటికే సర్పాన్ని గ్యార్పర్ చేసిన మార్పు పని ముగించింది. సొంత మాటా అరువు మాటా అని వేరు చేయడానికి ఇంతకన్నా మంచి గీటురాయి దొరకదు.

'ఆ' ఒకారం కావడానికీ ఇలాగే కాలం కట్టవచ్చు. ఆ మార్పు మాతృను మోతర్ చేసింది, కానీ సానితాతెమ్‌లోని దీర్ఘ 'ఆ'ను ఒకారం చేయలేదు. అయితే తిరగలి రాయికి వాడే మోకర్ అనే మాట ప్రాచీన గ్రీకు డోరిక్ మాండలికంలోని మాఖనా నుంచి వచ్చింది. యంత్రం అనే అర్థమున్న ఆ మాటలో 'ఆ' ఒకారమైంది. కాబట్టి గ్రీకు మాట ముందు వచ్చింది, తర్వాత 'ఆ' మారింది, ఆ తర్వాతే లాటిన్ వెల్లువ. ఒక్క తారీఖూ లేకుండానే మూడు సంఘటనలు వరసలో నిలిచాయి.

'క' విషయం మాత్రం దీనికి తిరగబడి ఉంది. లాటిన్ కెంతుమ్, అంటే నూరు, అల్బేనియన్‌లో క్యింద్. ఆకాశం కెలుమ్ క్యెల్ అయింది. ఇటాలియన్‌లో ఇవే చెంతో, చేలో. రోమన్లు ఇంకా 'క' అని పలుకుతున్న రోజుల్లోనే మాటలు తీసుకుని, తర్వాత తమ పద్ధతిలో మెత్తబరిచారు.

నకారం రేఫ అయిన చోట

ష్కుంబిన్ నది అల్బేనియాను సుమారుగా రెండు మాండలికాలుగా విడదీస్తుంది. ఉత్తరాన గేగ్, దక్షిణాన తోస్క్. ప్రధానమైన తేడా ఒక హల్లులో ఉంది. అచ్చుల నడుమ 'న' తోస్క్‌లో 'ర' అయింది. ద్రాక్షసారా లాటిన్‌లో వీనుమ్, గేగ్‌లో వెన, తోస్క్‌లో వెర. ఇసుక అరేనా ఉత్తరాన రాన, దక్షిణాన రర. ప్రాచీన ఔలోన్ రేవు ఉత్తరాదివారికి వ్లోన, దక్షిణాదివారికి వ్లోర. తిరగలి మాటలోనూ మాఖనా నకారం తోస్క్‌లో రేఫగా తేలింది.

లాటిన్ మాటలకు ఈ మార్పు తగిలింది. స్లావులు ఆరు, ఏడు శతాబ్దాల్లో బాల్కన్లలో స్థిరపడ్డాక వచ్చిన మాటలకు సాధారణంగా తగల్లేదు. ఆచారం అనే స్లావిక్ జకోన్ దక్షిణాన కూడా జకోన్ గానే ఉంది. రెండు మాండలికాలు ఆ నాటికే వేరు దారి పట్టాయని దీన్ని బట్టి చెబుతారు.

1462 నాటి తొలి వాక్యంలో ఇదంతా ఒకచోట కనిపిస్తుంది. దుర్రస్ ఆర్చ్‌బిషప్ పాల్ ఎంగ్యల్లి లాటిన్‌లో రాసిన ఉత్తరం మధ్యలో, గుడి దాకా బిడ్డను తీసుకురాలేని తల్లిదండ్రులు జ్ఞానస్నానం చేయించేటప్పుడు పలకాల్సిన మాట ఉంది: "ఉంతె పగెసోంత్ ప్రెమెనిత్ అతిత్ ఎత్ బిరిత్ ఎత్ స్పెర్తిత్ సెనిత్". తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ పేర నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను అని అర్థం. తండ్రికి అత్, కుమారుడికి బిర్ సొంత మాటలు. జ్ఞానస్నానం, ఆత్మ, పవిత్రం అన్న మూడూ లాటిన్ చర్చి ద్వారా వచ్చినవి. ప్రెమెనిత్‌లో దాగినది పేరు అనే మాట, సంస్కృత నామానికి చుట్టం. అందులో నకారం నకారంగానే ఉంది. తోస్క్‌లో అది ఎమర్. రాసినవాడి ఊరు ఉత్తరాన అని ఆ ఒక్క అక్షరం చెబుతోంది.

జేబు, కబురు, దుకాణం

అయిదు వందల ఏళ్ల ఒట్టోమన్ పాలన పొర తెలుగువారికి పరిచయమైన మాటలతో నిండి ఉంది. జేబు అక్కడ జెప్, కబురు హబెర్, బజారు పజార్, దుకాణం ద్యుక్యాన్. అరబ్బీ, పారశీక మాటలు తూర్పున ఉర్దూ ద్వారా తెలుగులోకి, పడమట టర్కిష్ ద్వారా అల్బేనియన్‌లోకి చేరాయి. వీటికి పాత ధ్వని మార్పులేవీ తగల్లేదు. పజార్ అచ్చుల్లో మార్పు లేదు. ఒట్టోమన్లను ఎదిరించిన అల్బేనియన్ నాయకుడు స్కందర్‌బేగ్ 1468లో మరణించాక ఇటలీకి తరలిపోయిన ఆర్బరెష్ జనం మాటల్లో ఈ టర్కిష్ పొర బాగా పలచన. ఎప్పుడు విడిపోయారో వారి మాటే చెబుతుంది.

ఎథీనా దగ్గరికి మళ్లీ

ఇప్పుడు మొదటి వాదనను తూచవచ్చు. ఎథీనా పేరు క్రీస్తుపూర్వం సుమారు 1400 నాటి, క్రీట్ ద్వీపంలోని క్నోసస్ మట్టిపలకల మీద 'అతానా' అనే రాతరూపంలో ఉంది. ప్రాచీన గ్రీకులో ఆ పేరులోని హల్లు 'కథ'లో పలికే ఒత్తు థ. నాలుక పళ్ల మధ్యకు వచ్చే ధ్వని గ్రీకులో చాలా ఆలస్యంగా ఏర్పడింది. అటు అల్బేనియన్ 'థన'లోని హల్లు రోమన్ల కాలంలో కూడా 'త్స' దగ్గరే ఉంది. రెండు మాటలూ నేడు ఒకేలా వినిపిస్తున్నాయంటే, రెండు వేరు దారుల్లో నడిచిన ధ్వనులు ఆధునిక కాలంలో ఒకచోట కలిశాయి, అంతే.

జ్యూస్ సంగతి ఇంకా సులువు. ఆ పేరు సంస్కృత ద్యౌః, అంటే ఆకాశం అనే మాటకు తోబుట్టువు. గ్రీకులోనే 'జ్యూస్ యొక్క' అనడానికి దియోస్ అంటారు, పాత దకారం అక్కడ పట్టుబడుతుంది. అల్బేనియన్ 'జ' మాట విభక్తి చేరితే గేగ్‌లో జాని, తోస్క్‌లో జరి అవుతుంది. అంటే దాని అసలు చివర నకారం ఉంది. జ్యూస్ పేరులో నకారానికి చోటే లేదు.

ఇలాంటి వ్యుత్పత్తులు కల్పించేవారిని తేలిగ్గా చూడనక్కర్లేదు. తెలుగు అనే పేరు త్రిలింగం నుంచి వచ్చిందన్న వివరణ శతాబ్దాలు ఏలింది. పాత పేరుకు గౌరవప్రదమైన సంస్కృత రూపం తర్వాత కట్టారని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. తమ భాషను తక్కువ చేసి చూశారన్న బాధ ఉన్నచోట పాతదనం మీద మమకారం పెరుగుతుంది. అయినా ష్తాత, గ్యుమ్ వంటి నిజమైన సాక్ష్యాలున్న భాషకు ఎథీనాను అరువు తెచ్చుకునే అవసరం లేదు.

ష్కోదర్ పేరు చెప్పేదెంత

అసలు వివాదం ఇలీరియన్ల గురించి. రోమన్లకు ముందు అల్బేనియా తీరంలో ఉన్నది వారే. కాబట్టి నేటి అల్బేనియన్లు వారి వారసులేనన్నది పాఠ్యపుస్తకాల్లోనూ రాజకీయాల్లోనూ బలంగా ఉన్న మాట. కొసావో ఎవరిదన్న తగాదాలో ఈ ప్రశ్న చరిత్ర పుటలు దాటి వచ్చింది. భాషాపరమైన చిక్కు ఏమిటంటే, ఇలీరియన్‌లో ఒక్క శాసనం కూడా దొరకలేదు. మనుషుల, ఊళ్ల పేర్లు, నాలుగైదు మాటలు తప్ప పోల్చడానికి ఏమీ లేదు. దక్షిణ ఇటలీలోని ప్రాచీన భాష మెస్సాపిక్‌ను దాని చుట్టంగా భావిస్తారు. బ్రిందిసి పట్టణం పేరుకు ఆ భాషలో జింక తల అని అర్థమని ప్రాచీన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. అల్బేనియన్‌లో కొమ్మును గేగ్ మాండలికం నాసికంగా బ్రి అంటుంది. ఆశ పుట్టించే పోలికే, కానీ ఒక్క మాటతో వంశవృక్షం నిలబడదు. అల్బేనియన్‌ను తూర్పు బాల్కన్ల ప్రాచీన భాష త్రేసియన్ వైపు, డాన్యూబ్ దక్షిణాన లోపలి ప్రాంతాల వైపు కలిపే వాదాలూ ఉన్నాయి. రొమేనియన్‌తో ఉన్న ఉమ్మడి మాటలు వాటికి బలం.

ఊరి పేర్ల దగ్గర వాదన గట్టిగా నడుస్తోంది. ఇలీరియన్ రాజు జెంతియుస్ రాజధాని స్కోద్ర క్రీస్తుపూర్వం 168లో రోమన్ల వశమైంది. నేటి పేరు ష్కోదర్. వారసత్వ మాటల్లో 'స్క' అల్బేనియన్‌లో 'హ' అవుతుంది: సంస్కృత ఛాయ, గ్రీకు స్కియా అక్కడ హియె. లాటిన్ మాటల్లో మాత్రం 'ష్క' అవుతుంది: మెట్లు స్కాలా ష్కాల అయ్యాయి. ష్కోదర్ రెండో వరసలో ఉంది. అల్బేనియన్ పూర్వీకులు ఈ పేరును లాటిన్ మాటలతో పాటు బయటినుంచి విన్నారని కొందరు భాషావేత్తలు దీన్ని చూపిస్తారు. 'స్క' హకారం కావడం బహుశా స్కోద్ర పేరు పుట్టకముందే ముగిసి ఉండవచ్చనీ, కాబట్టి ఈ ఒక్క పేరు ఎవరినీ ఆ తీరం నుంచి బయటికి పంపలేదనీ ఎదుటివారి జవాబు. హియె, ష్కాల మధ్య గడిచిన కాలం ఎంతో తెలిసే వరకు ఆ పేరు ఇరువైపులా సాక్షిగా నిలబడుతూనే ఉంటుంది.